అమెరికా ఎన్నికల వివాదాలు, కోర్టులు: తరచుగా అడిగే ప్రశ్నలు

నాలుగేళ్లకోసారి నవంబరు రాగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. గుంటూరు నుంచి మేనమామ, డాలస్ నుంచి చెల్లెలి తోటికోడలు, న్యాయశాస్త్రం చదువుతున్న మేనకోడలు. మనుషులు వేరైనా సందేహాలు ఇంచుమించు అవే. మొన్న జవాబు చెప్పిన ప్రశ్నే ఇవాళ ఇంకొకరి నోట వస్తుంటే, అన్నీ ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది. ప్రశ్నలను అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచాను. ఎక్కడి నుంచైనా చదవవచ్చు.

చదివే ముందు ఒక్క మాట. ఎవరు, ఏ కోర్టులో, ఏమి కోరుతూ, ఎన్ని ఓట్ల గురించి దావా వేశారు? ఈ నాలుగూ చెప్పని వార్తను నేను నమ్మను. మీరూ నమ్మవద్దని నా మనవి.

## పోలింగుకు ముందు

అమెరికాలో మన ఎన్నికల సంఘం లాంటిది లేదా? ఫలితం ఎవరు ప్రకటిస్తారు?

లేదు. ఫెడరల్ ఎలక్షన్ కమిషన్ అని ఒకటి ఉంది గానీ, అది చూసేది ప్రచార విరాళాల లెక్కలే. ఎన్నికలు జరిపేది రాష్ట్రాలు. పోలింగు కేంద్రాలు పెట్టడం, ఓట్లు లెక్కించడం చాలాచోట్ల కౌంటీల (మన జిల్లాల వంటివి) పని. కౌంటీ లెక్క తేల్చి పంపితే రాష్ట్రం దాన్ని ధ్రువీకరిస్తుంది. పోలింగు రాత్రి టీవీలో కనిపించే "గెలిచారు" అన్న మాట అసోసియేటెడ్ ప్రెస్ వంటి వార్తా సంస్థల అంచనా. దానికి చట్టబలం లేదు. యాభై రాష్ట్రాలు, రాజధాని వాషింగ్టన్ కలిపి 51 వేర్వేరు ఎన్నికలు ఒకే రోజున జరుగుతున్నాయని అనుకుంటే సగం తికమక తీరిపోతుంది.

దేశం మొత్తం మీద ఎక్కువ ఓట్లు వచ్చినవారు ఓడిపోవడం ఏమిటి?

అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది 538 మంది ఎలెక్టర్లు, అంటే రాష్ట్రాల తరఫున ఓటేసే ప్రతినిధులు. గెలవడానికి 270 కావాలి. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా అన్ని రాష్ట్రాల్లో, ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా ఆ రాష్ట్రపు ఎలెక్టర్లందరూ ఒకరికే దక్కుతారు. అందుకే 2016లో హిల్లరీ క్లింటన్‌కు దాదాపు 29 లక్షల ఓట్లు ఎక్కువ వచ్చినా ట్రంప్ గెలిచారు. కోర్టు కేసులు ఎక్కువగా కొద్ది రాష్ట్రాల చుట్టూనే తిరగడానికి కారణం కూడా ఇదే. కాలిఫోర్నియాలో లక్ష ఓట్లు అటూ ఇటూ అయినా ఫలితం మారదు కాబట్టి అక్కడ కోర్టుకు వెళ్లేవారు తక్కువ.

పోలింగుకు ముందే కోర్టుకు వెళ్లవచ్చా? మన దగ్గర కుదరదు కదా?

వెళ్లవచ్చు, వెళ్తారు కూడా. మన రాజ్యాంగంలోని 329వ అధికరణం ఎన్నికల ప్రక్రియ మొదలయ్యాక కోర్టుల జోక్యాన్ని ఆపుతుంది. ఫలితం వచ్చాక 45 రోజుల్లోగా హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేసుకోవాలి. అమెరికాలో అలాంటి గోడ లేదు. పోస్టల్ బ్యాలెట్ ఏ తేదీలోగా చేరాలి, కవరు మీద తేదీ వేయకపోతే చెల్లుతుందా, ఓటరు ఏ గుర్తింపు కార్డు చూపాలి వంటి తగాదాలు నెలల ముందే మొదలవుతాయి.

అయితే ఒక అడ్డుకట్ట ఉంది. 2006లో పర్సెల్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, పోలింగు దగ్గరపడ్డాక ఫెడరల్ (కేంద్ర) కోర్టులు నియమాలు మార్చి ఓటర్లను గందరగోళపెట్టకూడదని చెప్పింది. "దగ్గర" అంటే ఎన్ని రోజులో మాత్రం చెప్పలేదు. ఆ ఖాళీని ఒక్కో ధర్మాసనం ఒక్కో రకంగా పూరించుకుంటోంది. ఇది న్యాయమైన పరిస్థితి కాదని నా అభిప్రాయం.

నాకు గ్రీన్ కార్డు ఉంది. డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో ఓటరుగా నమోదు చేయమంటారా అని అడిగారు. సంతకం పెట్టవచ్చా?

పెట్టవద్దు. ఈ ప్రశ్నకు ఇంతకంటే సున్నితంగా జవాబు చెప్పలేను. 1993 నాటి చట్టం ప్రకారం లైసెన్సు ఇచ్చే చోటే ఓటరు నమోదు కూడా జరుగుతుంది. గుమస్తా అలవాటుగా అందరినీ అడుగుతాడు. మనవాళ్లు కొందరు "ప్రభుత్వమే అడుగుతోంది కదా" అనుకుని పౌరుణ్ణని ఉన్న గడిలో టిక్కు పెడతారు. గ్రీన్ కార్డు, హెచ్-1బి, విద్యార్థి వీసా, వీటిలో ఏది ఉన్నా మీరు పౌరులు కారు. పౌరుణ్ణని తప్పుగా ప్రకటించుకుంటే తరువాత పౌరసత్వం రాకపోవడమే కాదు, దేశం విడిచి వెళ్లాల్సి రావచ్చు. ఫెడరల్ ఎన్నికలో ఓటు వేస్తే అది నేరం. మేరీల్యాండ్‌లోని టకోమా పార్క్ వంటి కొన్ని ఊళ్లలో స్థానిక ఎన్నికల్లో పౌరులు కానివారికీ ఓటుంది, అది ఆ ఊరి వరకే. పొరపాటున ఇప్పటికే సంతకం పెట్టి ఉంటే, ఓటు జోలికి వెళ్లకుండా వలస చట్టాలు తెలిసిన న్యాయవాదిని వెంటనే కలవండి.

## ఓట్ల లెక్కింపు

రాత్రి ఆధిక్యంలో ఉన్నవారు తెల్లారేసరికి ఎలా వెనకబడ్డారు? మోసం జరగకపోతే ఇదెలా సాధ్యం?

ఏ కట్ట ముందు విప్పారన్నదే తేడా. పెన్సిల్వేనియా, విస్కాన్సిన్ చట్టాల ప్రకారం పోస్టల్ బ్యాలెట్ల కవర్లను పోలింగు రోజు ఉదయం వరకు తెరవకూడదు. 2020లో కరోనా వల్ల పోస్టల్ ఓట్లు వెల్లువెత్తాయి. వాటిని ఎక్కువగా వాడుకున్నది డెమొక్రాట్లు, స్వయంగా వచ్చి ఓటేసింది ఎక్కువగా రిపబ్లికన్లు. బూత్ ఓట్లు ముందు, పోస్టల్ ఓట్లు తరువాత లెక్కపెడితే మొదట ఒకరు, తరువాత ఇంకొకరు ముందుండటం సహజం. కవర్లను ముందే తెరవనిచ్చే ఫ్లోరిడాలో ఆ రాత్రే లెక్క దాదాపు తేలిపోయింది. మన దగ్గర మొదటి రౌండులో పట్టణం, పదో రౌండులో పల్లెలు లెక్కిస్తే ఆధిక్యం మారడాన్ని ఎవరూ మోసం అనరు.

వాళ్లూ యంత్రాలే వాడతారు కదా, నమ్మేదెలా?

కాగితం ఉంది కాబట్టి. ఇప్పుడు అమెరికాలో అత్యధిక ఓటర్లు కాగితం మీదే ఓటేస్తారు. దాన్ని స్కానర్ చదువుతుంది. స్కానర్ మీద అనుమానం వస్తే కాగితాన్ని చేత్తో లెక్కపెట్టుకోవచ్చు.

2020లో మిషిగన్‌లోని యాంట్రిమ్ అనే చిన్న కౌంటీలో మొదటి లెక్క చూసి అందరూ ఉలిక్కిపడ్డారు. ఎప్పుడూ రిపబ్లికన్లకు ఓటేసే ఆ కౌంటీలో బైడెన్ ముందున్నట్టు వచ్చింది. బ్యాలెట్ నమూనా చివరి నిమిషంలో మారినా యంత్రాలన్నిటిలోనూ దాన్ని సరిచేయని మానవ పొరపాటది. మర్నాడే దిద్దారు. తరువాత ప్రతి బ్యాలెట్‌నూ చేత్తో లెక్కిస్తే ట్రంప్ గెలుపు ఖాయమైంది, యంత్రపు లెక్కకూ చేతి లెక్కకూ ఆధిక్యంలో తేడా 12 ఓట్లే. జార్జియా అయితే దాదాపు 50 లక్షల బ్యాలెట్లను చేత్తో లెక్కించింది. గెలిచిన వ్యక్తి మారలేదు.

యంత్రాల మీద నిజాయితీగా ప్రశ్నలు అడిగినవారూ ఉన్నారు, వారిని ఈ గొడవలో కలపకూడదు. హైదరాబాదు ఇంజినీరు హరిప్రసాద్ వేమూరుతో కలిసి 2010లో మన ఈవీఎం లోపాలను బయటపెట్టిన అమెరికన్ ఆచార్యుడు అలెక్స్ హాల్డర్‌మనే, జార్జియా యంత్రాల లోపాల గురించి కోర్టులో నిపుణుడిగా సాక్ష్యం చెప్పారు. లోపం ఉండటం వేరు, ఫలానా ఎన్నికలో ఆ లోపాన్ని వాడుకుని ఓట్లు మార్చడం వేరు. ఆయన చెప్పింది మొదటిదే.

తిరిగి లెక్కించమని అడిగితే ఖర్చు ఎవరు భరిస్తారు?

రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. పెన్సిల్వేనియా, ఫ్లోరిడాల్లో తేడా 0.5 శాతం లోపుంటే అడగకుండానే తిరిగి లెక్కిస్తారు. విస్కాన్సిన్‌లో తేడా 0.25 శాతం దాటితే అడిగినవారే కట్టుకోవాలి. 2020లో ట్రంప్ బృందం రెండు కౌంటీల కోసం అక్కడ 30 లక్షల డాలర్లు కట్టింది. లెక్క తేలాక బైడెన్ ఆధిక్యం 87 ఓట్లు పెరిగింది. రీకౌంటింగ్‌లో వందల ఓట్లు మారడం అరుదు, వేలు మారడం ఇంకా అరుదు.

ఇద్దరికీ సమానంగా ఓట్లు వస్తే?

2017లో వర్జీనియా దిగువసభ 94వ నియోజకవర్గంలో వచ్చాయి. తిరిగి లెక్కించినప్పుడు డెమొక్రాట్ అభ్యర్థి షెల్లీ సైమండ్స్ ఒక్క ఓటుతో గెలిచారు. మర్నాడు ముగ్గురు న్యాయమూర్తుల ముందుకు ఒక బ్యాలెట్ వచ్చింది. ఓటరు ఇద్దరి పేర్ల పక్కనా గుండ్రాలు నింపి, సైమండ్స్ గుండ్రం మీద అడ్డంగా ఒక గీత గీశారు. ఆ గీత అర్థం "ఈమె వద్దు" అనే అని న్యాయమూర్తులు తేల్చి, ఆ ఓటును రిపబ్లికన్ డేవిడ్ యాన్సీకి ఇచ్చారు. ఇద్దరికీ 11,608 చొప్పున అయ్యాయి. 2018 జనవరి 4న రెండు పేర్లను పాత ఫిల్ము డబ్బీల్లో పెట్టి, పింగాణీ గిన్నెలో వేసి, ఒకటి తీశారు. యాన్సీ పేరు వచ్చింది. సభలో రిపబ్లికన్లకు 51-49 ఆధిక్యం ఆ డబ్బీతోనే దక్కింది. ఒక్క ఓటుతో ఏమవుతుందని ఎవరైనా అంటే నాకు ముందుగా ఆ గీతే గుర్తుకొస్తుంది.

## కోర్టు మెట్లెక్కాక

2020లో ట్రంప్ పక్షం అరవైకి పైగా కేసులు వేసింది కదా, సాక్ష్యాలు చూడకుండానే అన్నీ కొట్టేశారట. నిజమేనా?

నిజం కాదు. కొన్ని అర్హత లేదని, కొన్ని ఆలస్యమని పోయిన మాట వాస్తవం. కానీ నెవాడాలో న్యాయమూర్తి సాక్షుల వాంగ్మూలాలు, నిపుణుల నివేదికలు పరిశీలించి, ఏ ఆరోపణా రుజువు కాలేదని తీర్పు రాశారు. ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని ఏకగ్రీవంగా సమర్థించింది. అరిజోనాలో బ్యాలెట్ల నమూనాలు తీసి పరిశీలించి మరీ విచారణ జరిపారు. ట్రంప్ పక్షానికి దక్కింది పెన్సిల్వేనియాలో గుర్తింపు పత్రాల గడువుకు సంబంధించిన ఒక చిన్న గెలుపు. దానితో ఫలితం మారేది కాదు.

వీధిలో చెప్పిన మాట కోర్టులో చెప్పలేకపోవడం ఆ కేసుల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ఫిలడెల్ఫియాలో పరిశీలకులను లోపలికి రానివ్వడం లేదని దావా వేశారు. మీవాళ్లు గదిలో ఉన్నారా లేరా అని న్యాయమూర్తి సూటిగా అడిగితే, సున్నా కాని సంఖ్యలో ఉన్నారని న్యాయవాది జవాబిచ్చారు. మరి మీ ఇబ్బంది ఏమిటని న్యాయమూర్తి అడిగారు. పెన్సిల్వేనియాలోనే మరో కేసులో, బయట మోసం మోసం అని చెప్పిన ట్రంప్ న్యాయవాది రూడీ జూలియానీ, న్యాయమూర్తి ముందు ఇది మోసం కేసు కాదని ఒప్పుకున్నారు. కోర్టులో అబద్ధం చెబితే న్యాయవాది సనదు పోవచ్చు, విలేకరుల ముందు అంత భయం ఉండదు.

"దావా వేసే అర్హత లేదు" అంటే తప్పించుకోవడమే కదా?

అలా అనిపించడం సహజం. దీని వెనక ఉన్న ఆలోచన మాత్రం పాతది, గట్టిది. నష్టం ఎవరికి జరిగిందో వారే కోర్టుకు రావాలి, ఆ నష్టం అందరికీ సమానంగా ఉండేది కాకుండా వారికే ప్రత్యేకమైనదై ఉండాలి. 2020 డిసెంబరులో టెక్సస్ రాష్ట్రం పెన్సిల్వేనియా, జార్జియా, మిషిగన్, విస్కాన్సిన్‌ల మీద నేరుగా సుప్రీంకోర్టులో దావా వేసింది. పక్క రాష్ట్రం తన ఎన్నికలను ఎలా జరుపుకుంటుందో ప్రశ్నించే హక్కు టెక్సస్‌కు లేదని డిసెంబరు 11న కోర్టు తిప్పి పంపింది. నా దృష్టిలో అది సరైన నిర్ణయం. ఆ తలుపు తెరిస్తే రేపు కాలిఫోర్నియా టెక్సస్ మీద వేస్తుంది.

అభ్యర్థుల సంగతి వేరు. 2026 జనవరిలో బోస్ట్ కేసులో సుప్రీంకోర్టు, పోటీ చేస్తున్న అభ్యర్థికి తన ఎన్నికలో ఓట్ల లెక్కింపు నియమాలను సవాలు చేసే అర్హత ఉంటుందని తేల్చింది. ఈ కారణంతో కొట్టివేసే కేసులు ఇకమీదట తగ్గుతాయి.

ఆలస్యంగా వచ్చారని కేసు కొట్టేయడం న్యాయమా?

పెన్సిల్వేనియాలో అందరికీ పోస్టల్ ఓటు ఇచ్చే చట్టం 2019లో వచ్చింది. అది రాజ్యాంగ విరుద్ధమని, లక్షల మంది దాన్ని నమ్మి ఓటేసి ఫలితం వచ్చాక, 2020 నవంబరు చివర్లో దావా వేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే, అందులోనూ కాలింది ఓటరు చేతులు. చట్టం తప్పయితే ఎన్నికకు ముందే అడగాలి. గెలిస్తే ఊరుకుని, ఓడితే అడుగుదామని కూర్చునేవారికి కోర్టు సాయం చేయదు. విస్కాన్సిన్‌లోనూ ఇదే కారణం చెప్పారు, కాకపోతే అక్కడ 4-3తో. విభేదించిన ముగ్గురి వాదనలోనూ పస ఉంది. తప్పు జరిగిందో లేదో కనీసం చెప్పి ఉంటే ప్రజలకు అనుమానం మిగిలేది కాదు కదా అన్నది నా మనసులోనూ మెదిలే ప్రశ్న.

న్యాయమూర్తులను పార్టీలే నియమిస్తాయి కదా, తీర్పులు కూడా అలాగే ఉంటాయా?

ఫెడరల్ న్యాయమూర్తులను అధ్యక్షుడు ప్రతిపాదిస్తే సెనేట్ ఆమోదిస్తుంది. పదవి జీవితకాలం. చాలా రాష్ట్రాల్లో న్యాయమూర్తులే ఎన్నికల్లో పోటీ చేస్తారు. కాబట్టి అనుమానం తప్పు కాదు. అయినా 2020లో పెన్సిల్వేనియా కేసును అప్పీలులో తిరస్కరిస్తూ తీర్పు రాసిన స్టెఫానోస్ బీబస్ ట్రంప్ నియమించిన న్యాయమూర్తే. ఎన్నిక అన్యాయమని పిలిచినంత మాత్రాన అన్యాయం అయిపోదని, నిర్దిష్ట ఆరోపణ, దానికి రుజువు కావాలని, ఇక్కడ రెండూ లేవని ఆయన రాశారు. నా అనుభవంలో, వాస్తవాల మీద తేలే కేసుల్లో పార్టీ గీత చాలావరకు చెరిగిపోతుంది. రాజ్యాంగ వ్యాఖ్యానం మీద తేలే కేసుల్లో కనిపిస్తుంది. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టడం వల్లనే అన్ని కోర్టులూ అమ్ముడుపోయాయన్న మాట పుడుతోంది.

బుష్, గోర్ కేసులో అసలేం జరిగింది?

2000 నవంబరు 7 రాత్రి రిపబ్లికన్ జార్జ్ బుష్, డెమొక్రాట్ ఆల్ గోర్‌లలో అధ్యక్ష పదవి ఎవరిదన్నది ఫ్లోరిడాలోని 25 ఎలెక్టర్ల మీద ఆగింది. దాదాపు 60 లక్షల ఓట్లలో తేడా మొదట 1,784. యంత్రంతో తిరిగి లెక్కిస్తే కొన్ని వందలకు దిగింది. అక్కడ చాలా కౌంటీల్లో అట్ట బ్యాలెట్‌కు సూదితో రంధ్రం పొడిచి ఓటేసేవారు. రంధ్రం నుంచి రాలాల్సిన చిన్న ముక్క కొన్నిటికి ఒక మూలన వేలాడుతోంది, కొన్నిటికి నొక్కు మాత్రమే పడింది. యంత్రం వాటిని చదవలేదు. బల్లల చుట్టూ కూర్చున్న అధికారులు ఒక్కో అట్టనూ వెలుతురుకు ఎత్తి పట్టి చూశారు. ఒకరు భూతద్దం పట్టుకున్నారు. ఒక కౌంటీలో నొక్కు పడినా ఓటే, పక్క కౌంటీలో వెలుతురు కనిపిస్తేనే ఓటు.

డిసెంబరు 8న ఫ్లోరిడా సుప్రీంకోర్టు, యంత్రం వదిలేసిన బ్యాలెట్లను రాష్ట్రమంతా చేత్తో లెక్కించమంది. మర్నాడే అమెరికా సుప్రీంకోర్టు 5-4తో స్టే ఇచ్చింది. డిసెంబరు 12 రాత్రి తుది తీర్పు వచ్చింది. కౌంటీకో కొలత ఉండటం సమాన రక్షణకు విరుద్ధమని ఏడుగురు అన్నారు. అయితే ఏమి చేయాలన్న దగ్గర తొమ్మిదిమందీ 5-4గా చీలిపోయారు. సరైన కొలత పెట్టి మళ్లీ లెక్కించడానికి సమయం లేదని ఐదుగురు, సమయం ఇవ్వాలని నలుగురు. లెక్కింపు ఆగింది, బుష్ 537 ఓట్లతో గెలిచారు. గోర్ మర్నాడు ఓటమి ఒప్పుకున్నారు.

తరువాత వార్తా సంస్థలు కలిసి ఆ బ్యాలెట్లను పరిశీలింపజేశాయి. గోర్ కోరిన కౌంటీల్లో మాత్రమే, లేదా ఫ్లోరిడా కోర్టు చెప్పినట్టు లెక్కించినా బుష్‌దే ఆధిక్యమని, తిరస్కరించిన బ్యాలెట్లన్నిటినీ రాష్ట్రమంతా లెక్కిస్తే గోర్ స్వల్పంగా ముందుండేవారని తేలింది. స్టే ఇచ్చి సమయాన్ని తినేసి, చివరికి సమయం లేదనడం నేను ఈ రోజుకీ జీర్ణించుకోలేను. ఈ తీర్పు ప్రస్తుత పరిస్థితులకే పరిమితమని కోర్టే రాసుకుంది.

కోర్టులు, అధికారులు ఎన్నికను నిజంగా రద్దు చేసిన సందర్భాలు ఉన్నాయా?

ఉన్నాయి. 2018లో నార్త్ కరోలినా 9వ పార్లమెంటు స్థానంలో రిపబ్లికన్ అభ్యర్థి 905 ఓట్లతో ముందున్నారు. ఆయన తరఫున పనిచేసిన ఒక గుత్తేదారు మనుషులు ఇంటింటికీ తిరిగి పోస్టల్ బ్యాలెట్లు అక్రమంగా సేకరించారని విచారణలో బయటపడింది. అభ్యర్థి కొడుకే, తాను తండ్రిని ముందుగా హెచ్చరించానని సాక్ష్యం చెప్పాడు. రాష్ట్ర బోర్డు ఏకగ్రీవంగా కొత్త ఎన్నికకు ఆదేశించింది. 2023లో కనెటికట్‌లోని బ్రిడ్జ్‌పోర్ట్ మేయరు పదవికి డెమొక్రాట్లు తమ అభ్యర్థిని ఎంచుకునే ప్రాథమిక ఎన్నికను, బ్యాలెట్ పెట్టెల దగ్గరి కెమెరా దృశ్యాలు చూసి న్యాయమూర్తి రద్దు చేశారు. నిజంగా మోసం జరిగినచోట సాక్షి ఉంటాడు, కాగితం ఉంటుంది, కెమెరా ఉంటుంది. కోర్టు అడిగేది అదే.

గెలిచిన తరువాత కూడా నెలల తరబడి పదవి దక్కని సందర్భం ఉందా?

నార్త్ కరోలినా సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఎలిసన్ రిగ్స్‌ది. 2024 నవంబరులో ఆమె 734 ఓట్లతో ముందున్నారు. రెండుసార్లు తిరిగి లెక్కించినా అదే. ప్రత్యర్థి జెఫర్సన్ గ్రిఫిన్ 65,000కు పైగా ఓట్లు చెల్లవన్నారు. చాలావరకు కారణం, ఓటరు నమోదు వివరాల్లో లైసెన్సు నంబరు లేదా సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోవడం. ఆ జాబితాలో రిగ్స్ తల్లిదండ్రులూ ఉన్నారు. అప్పటి నియమాల ప్రకారం ఓటేసినవారిని, ఓటేశాక కొత్త నియమంతో తీసివేయడమే ఇది. రాష్ట్ర కోర్టులు కొంతవరకు ఒప్పుకున్నాయి కూడా. చివరికి 2025 మే 5న ట్రంప్ నియమించిన ఫెడరల్ న్యాయమూర్తి రిచర్డ్ మైయర్స్, ఆట ముగిశాక నియమాలు మార్చడం రాజ్యాంగం ఒప్పదని తీర్పిచ్చారు. రెండు రోజుల్లో గ్రిఫిన్ వెనక్కి తగ్గారు. ఎన్నిక జరిగి ఆరు నెలలు.

రాష్ట్ర చట్టసభ తనకు నచ్చినట్టు నియమాలు పెట్టుకోవచ్చా? కోర్టులు అడ్డుకోలేవా?

అడ్డుకోగలవు. ఫెడరల్ ఎన్నికల విషయంలో చట్టసభదే చివరి మాట, రాష్ట్ర కోర్టులకు నోరెత్తే హక్కు లేదని ఒక వాదన నడిచింది. 2023 జూన్‌లో మూర్ కేసులో సుప్రీంకోర్టు 6-3తో దాన్ని తోసిపుచ్చింది.

## డిసెంబరు నుంచి జనవరి 6 వరకు

వివాదం ఎప్పటిలోగా తేలాలి? గడువు ఉందా?

ఉంది, 2022 చివర్లో వచ్చిన ఎలక్టోరల్ కౌంట్ సంస్కరణ చట్టం దాన్ని బిగించింది. డిసెంబరు రెండో బుధవారం తరువాత వచ్చే మంగళవారం ఎలెక్టర్లు తమ తమ రాష్ట్రాల్లో సమావేశమై ఓటేస్తారు. దానికి ఆరు రోజుల ముందే రాష్ట్రం తన ఎలెక్టర్లు ఎవరో ధ్రువపత్రం ఇవ్వాలి. 2028లో పోలింగు నవంబరు 7, ధ్రువపత్రం గడువు డిసెంబరు 13, ఎలెక్టర్ల ఓటు డిసెంబరు 19. ధ్రువపత్రం మీద అభ్యర్థికి అభ్యంతరముంటే ముగ్గురు న్యాయమూర్తుల ఫెడరల్ ధర్మాసనం త్వరితంగా వింటుంది, అక్కడి నుంచి నేరుగా సుప్రీంకోర్టుకే. 2020లో ఏడు రాష్ట్రాల్లో ఓడిన పక్షం వారు మేమే ఎలెక్టర్లమంటూ పత్రాలు పంపారు. రాష్ట్రం ఇచ్చిన, లేదా కోర్టు సరిదిద్దిన ధ్రువపత్రమే చెల్లుతుందని ఇప్పుడు చట్టం స్పష్టంగా చెబుతోంది.

లెక్కింపు రోజున ఉపాధ్యక్షుడు ఫలితాన్ని తిప్పేయగలరా?

లేదు. జనవరి 6న పార్లమెంటు ఎలెక్టర్ల ఓట్లు లెక్కించేటప్పుడు ఆయన పని సభాధ్యక్ష స్థానంలో కూర్చుని కవర్లు తెరవడం. 2021లో మైక్ పెన్స్ మీద ఎంత ఒత్తిడి వచ్చినా తనకు ఆ అధికారం లేదని నిలబడ్డారు. పార్లమెంటు ఉండే క్యాపిటల్ భవనంపై దాడి జరిగి, సభ ఆగి, మళ్లీ కూర్చుని, తెల్లవారుజామున పని ముగించింది. 2022 చట్టం ఉపాధ్యక్షుడిది లాంఛనప్రాయమైన పాత్రేనని రాసేసింది. అభ్యంతరం లేవనెత్తడానికి పూర్వం ఒక్కో సభ నుంచి ఒక్కరు చాలు. ఇప్పుడు ప్రతి సభలోనూ ఐదో వంతు సభ్యులు సంతకం చేయాలి.

ఈ సందర్భంలో 2001 జనవరి గుర్తుచేసుకోవాలి. సభాపతి స్థానంలో ఉన్నది ఓడిపోయిన ఆల్ గోరే. ఆయన కోసమే ప్రతినిధుల సభ సభ్యులు ఒకరి తరువాత ఒకరు లేచి అభ్యంతరం చెప్పారు. సెనేటరు సంతకం ఉందా అని అడిగి, లేదంటే ప్రతి ఒక్కరినీ ఆయనే కూర్చోబెట్టారు. 2025లో కమలా హారిస్ కూడా తన ఓటమి లెక్కను తానే చదివారు.

ఎవరికీ 270 రాకపోతే?

ప్రతినిధుల సభ ఎన్నుకుంటుంది, సభ్యులవారీగా మాత్రం కాదు. రాష్ట్రానికి ఒక ఓటు, 26 రాష్ట్రాలు కావాలి. కాలిఫోర్నియాకు ఎంతో వయోమింగ్‌కు అంతే. ఉపాధ్యక్షుణ్ణి సెనేట్ ఎన్నుకుంటుంది. అధ్యక్షుడి విషయంలో ఇలా చివరిసారి జరిగింది 1825లో, జాన్ క్విన్సీ ఆడమ్స్ గెలిచారు.

పార్లమెంటు సభ్యుల ఎన్నికల తగాదాలు కూడా కోర్టుకే వెళ్తాయా?

రీకౌంటింగ్ వరకు రాష్ట్ర కోర్టులు చూస్తాయి. కానీ రాజ్యాంగం ప్రకారం తన సభ్యుల ఎన్నికకు ఆ సభే న్యాయనిర్ణేత. 2020లో అయోవా 2వ స్థానంలో మారియానెట్ మిల్లర్-మీక్స్ ఆరు ఓట్లతో గెలిచారు. ఓడిన రీటా హార్ట్ కోర్టుకు వెళ్లకుండా నేరుగా సభకు ఫిర్యాదు చేసి, విమర్శలు రావడంతో 2021 మార్చి చివర్లో ఉపసంహరించుకున్నారు. మెజారిటీ పార్టీ చేతిలో ఉండే తీర్పు కంటే మన హైకోర్టు పద్ధతే మేలని ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా నమ్ముతాను.

## ఆ తరువాత

కొలరాడో కోర్టు ట్రంప్‌ను పోటీకి అనర్హుణ్ణి చేసింది కదా, ఏమైంది?

అంతర్యుద్ధం తరువాత వచ్చిన 14వ సవరణ మూడో సెక్షన్ ప్రకారం, ప్రమాణం చేసి తిరుగుబాటులో పాల్గొన్నవారు పదవికి అనర్హులు. దాని ఆధారంగా 2023 డిసెంబరులో కొలరాడో సుప్రీంకోర్టు 4-3తో ఆయన పేరు తొలగించమంది. 2024 మార్చి 4న అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఫెడరల్ పదవుల విషయంలో ఆ సెక్షన్‌ను అమలు చేసే అధికారం రాష్ట్రాలకు లేదన్నదే కారణం, ఆ ఫలితంపై తొమ్మిదిమందీ ఏకీభవించారు. ఆయన తిరుగుబాటు చేశారా లేదా అన్నది కోర్టు తేల్చలేదు. నిర్దోషి అని తేల్చిందని ప్రచారం చేసేవారు తీర్పు చదవలేదన్నమాట.

2020 ఎన్నికపై ట్రంప్ మీద పెట్టిన క్రిమినల్ కేసు ఎందుకు ఆగిపోయింది?

2023 ఆగస్టులో నాలుగు అభియోగాలతో ఫెడరల్ కేసు నమోదైంది. 2024 జులై 1న సుప్రీంకోర్టు 6-3తో, అధ్యక్షుడి మూల రాజ్యాంగాధికారాలకు పూర్తి రక్షణ, ఇతర అధికారిక చర్యలకు కనీసం, వర్తించదని చూపేదాకా ఉన్నట్టే భావించే రక్షణ, సొంత చర్యలకు రక్షణ లేదని చెప్పింది. ఏది ఏ గంపలోకి వస్తుందో తేల్చేలోపే నవంబరు ఎన్నిక వచ్చింది. పదవిలో ఉన్న అధ్యక్షుణ్ణి ప్రాసిక్యూట్ చేయకూడదన్న న్యాయశాఖ విధానం వల్ల కేసును ఉపసంహరించుకున్నారు. జార్జియా రాష్ట్రపు కేసు 2025 నవంబరులో ముగిసింది. జనవరి 6 దాడి కేసుల్లో దాదాపు 1,500 మందికి 2025 జనవరి 20న ఆయన క్షమాభిక్ష ఇచ్చారు. విచారణ జరిగి దోషి అని గానీ నిర్దోషి అని గానీ తేలి ఉంటే దేశానికి మేలు జరిగేదని నా బాధ.

మోసం జరిగిందని తప్పుడు ఆరోపణలు చేసినవారికి ఏమీ కాలేదా?

పరువునష్టం కోర్టుల్లో అయింది. యంత్రాల సంస్థ డొమినియన్‌కు ఫాక్స్ న్యూస్ 2023 ఏప్రిల్‌లో 78.75 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. జూలియానీకి న్యూయార్క్‌లోనూ వాషింగ్టన్‌లోనూ న్యాయవాద సనదు పోయింది.

నాకు అన్నిటికంటే ముఖ్యమైన కేసు అట్లాంటాలో ఓట్లు లెక్కించిన ఒక తల్లీ కూతుళ్లది. లెక్కింపు కేంద్రం వీడియోలో తల్లి కూతురి చేతికి చిన్న వస్తువేదో అందిస్తూ కనిపించింది. అది ఓట్లు తారుమారు చేసే యూఎస్‌బీ అని జూలియానీ ప్రచారం చేశారు. వారికి హత్యా బెదిరింపులు వచ్చాయి. తల్లి కొన్ని నెలలు ఇల్లు విడిచి ఉండాల్సి వచ్చింది. రాష్ట్ర దర్యాప్తులో వారి తప్పేమీ లేదని తేలింది. 2023 డిసెంబరులో జ్యూరీ వారికి 14.8 కోట్ల డాలర్ల పరిహారం ప్రకటించింది. అంతకు ముందే, 2022లో, ఆ కూతురు కాంగ్రెస్ కమిటీ ముందు కూర్చున్నప్పుడు, మీ అమ్మ ఆ రోజు చేతికి ఇచ్చింది ఏమిటని అడిగారు. అల్లం పిప్పరమెంటు బిళ్ల అని చెప్పింది.